అన్యస్వరం

కర్ణాటక సంగీత శాస్త్రంలో అన్యస్వరం అని ఒక మాట ఉంది. ఒక రాగం ఏ మేళకర్త నుంచి పుట్టిందని చెబుతారో, ఆ తల్లి రాగంలో లేని స్వరం పిల్ల రాగంలో కనబడితే దాన్ని అన్యస్వరం అంటారు. అట్లా పరాయి స్వరం చేరిన రాగం భాషాంగం. తల్లి ఇచ్చిన స్వరాలతోనే సరిపెట్టుకున్నది ఉపాంగం.

భైరవిని తీసుకోండి. నటభైరవి నుంచి పుట్టిందన్నారు. నటభైరవిలో ఉన్నది శుద్ధ ధైవతం ఒక్కటే. భైరవి మాత్రం పైకెక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతాన్ని పట్టుకుని ఎక్కుతుంది, దిగేటప్పుడు శుద్ధ ధైవతం మీదుగా దిగుతుంది. ఆ ఎక్కే ధైవతమే పరాయిది. దాన్ని తీసేసి పాడి చూడండి. ఏదో ఒక రాగం వినబడుతుంది గానీ అది భైరవి కాదు. పరాయిదన్న ఆ స్వరంతోనే రాగాన్ని గుర్తుపడుతున్నాం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 72 మేళకర్తల లెక్క వేంకటమఖి కట్టింది. అది 17వ శతాబ్దపు మాట. మనం పాడుకునే రాగాల్లో చాలా భాగం అంతకన్నా పాతవి. పాతకాలపు రాగాలను తెచ్చి, తరువాత గీసిన గళ్లలో కూర్చోబెట్టారు. గడిలో పట్టని స్వరానికి అన్య అని పేరు పెట్టారు. స్వరం ఎక్కడినుంచో వచ్చి చేరిందని కాదు, గడి గీసినవాడి లెక్కకు అందలేదని మాత్రమే. శాస్త్రకారులకు దీనిలో దురుద్దేశం ఉందని నేననను. వాళ్లకు కావలసింది వర్గీకరణ. కానీ ఈ దేశంలో పుట్టి పెరిగి, ఇల్లు ఎక్కడని అడిగినప్పుడల్లా తాతల పేర్లు చెప్పుకోవలసి వచ్చే మాలాంటి వాళ్లకు ఆ మాట మామూలు సాంకేతిక పదంగా చెవికెక్కదు.

మా సెక్యులర్ మిత్రులు సభల్లో ఒక జాబితా చదువుతుంటారు. హుసేని మన కర్ణాటక రాగమే కదా, త్యాగయ్య అందులో కీర్తనలు కట్టాడు కదా. దర్బారీ కానడ తాన్‌సేన్‌దంటారు కదా. యమన్ కల్యాణి మన కచేరీల్లో పాడుతున్నారు కదా. ఇదీ ఆ జాబితా. చివర గంగా జమునీ తెహజీబ్ అని ముగిస్తారు, చప్పట్లు పడతాయి. ఈ జాబితా అబద్ధం కాదు. హుసేని పేరు పారశీక, అరబ్ దేశాల మకాముల్లోనూ ఉంది. ఖరహరప్రియ జన్యంగా లెక్కగట్టిన మన హుసేనిలో శుద్ధ ధైవతం అన్యస్వరం, అంటే అదీ భాషాంగమే. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచగా ఘంటసాల పాడిన ‘శివశంకరి’ పాట దర్బారీ కానడలోనే సాగుతుంది. తెలుగువాళ్లు తమ శాస్త్రీయ గాన వైభవానికి శిఖరమని చూపించుకునే పాట అది. దాని రాగం పేరులోనే పాదుషా దర్బారు కూర్చుని ఉంది.

అయితే రాగాల పేర్లు మిగిలినంత మాత్రాన మనుషులకు చోటు దొరికినట్టు కాదు. రాగం పేరు హుసేని అయితే ఎవరికీ అభ్యంతరం లేదు, కిరాయికి ఇల్లు అడిగేవాడి పేరు హుసేన్ అయితే ఓనరు గొంతు మారుతుంది. అందుకే నాకు ఈ జాబితాలంటే విసుగు. ఎవరి పేరు ఎక్కడ మిగిలిందన్నది నన్నాట్టే కదిలించదు. రెండు స్వర వరుసలు ఒక పాటలో కలిసినప్పుడు లోపల ఏం జరుగుతున్నది, ఎవరు ఎవరికి జాగా ఇస్తున్నారు, ఎవరు వాకిట్లోనే నిలబడిపోతున్నారు అన్నది చూడాలనిపిస్తుంది.

కలపడంలో రకాలున్నాయి. రాగమాలిక ఒక రకం. ఒక రాగం అయిపోయాక ఇంకొకటి, వరుసగా కూర్చిన పూసల్లాగా. అక్కడ కలయిక లేదు, ఇరుగుపొరుగు మాత్రమే. హిందుస్తానీలో జోడు రాగాలు ఇంకొక రకం. బసంత్ బహార్, భైరవ్ బహార్ అట్లాంటివి. జగన్నాథబువా పురోహిత్ జోగ్‌ను, చంద్రకౌంస్‌ను కలిపి జోగ్‌కౌంస్ చేశాడు. మైహర్ అల్లావుద్దీన్ ఖాన్ కొత్త రాగాలు కట్టాడు, వాటిలో మదన్‌మంజరి తన భార్య మదీనా బేగం పేరు మీద కట్టింది. నమాజు చదివే ఆ పెద్దమనిషే మైహర్ శారదమ్మకు భక్తుడు కూడా. ఠుమ్రీ పాడేవాళ్ల పద్ధతి వేరు. పీలూ లాంటి రాగంలో పాడుతూ అవసరమైన చోట పన్నెండు స్వరాల్లో దేన్నయినా తాకి వస్తారు. ఆ విద్యలో ఆరితేరిన బడే గులాం అలీ ఖాన్ దేశవిభజన తరువాత పాకిస్తాన్‌లో ఉండలేక తిరిగొచ్చి భారత పౌరసత్వం తీసుకున్నాడు. మద్రాసులో ఘంటసాల ఇంట్లో ఆయన ఆతిథ్యం పొందిన సంగతి సినిమా చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1968లో హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో చనిపోయాడు. దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి అయ్యాడు. ఇవన్నీ విడివిడిగా రాయవలసిన కథలు.

తెలుగులో కలయిక అంటే నేను మళ్లీ మళ్లీ వెళ్లే పాట ఒక్కటుంది. 1959లో పి. పుల్లయ్య తీసిన ‘జయభేరి’లో మల్లాది రామకృష్ణశాస్త్రి రాయగా ఘంటసాల పాడిన ‘రసికరాజ’ పాట. సంగీతం పెండ్యాలదే. ఆయన అందులో చక్రవాకాన్నీ కానడనూ కలిపాడు. ఆ కలయికకు విజయానంద చంద్రిక అని పేరు చెబుతారు.

ఈ రెండూ ఎట్లా కలుస్తాయి? కాగితం మీద రాసి చూస్తే గుట్టు తెలుస్తుంది. చక్రవాకంలో రిషభం శుద్ధం, గాంధారం అంతరం. కానడలో రిషభం చతుశ్రుతి, గాంధారం సాధారణం. కింది సగంలో ఈ రెండింటికీ పొసగదు. ఒకటి వేసే అడుగు ఇంకొకటి వెయ్యదు. ఇక పై సగం చూడండి. పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. రెండింటికీ అవే. మధ్యమం కూడా ఒకటే. అంటే పాడేవాడి గొంతు మధ్యమం దాటి పైన తిరుగుతున్నంతసేపూ అతను ఎవరింట్లో ఉన్నాడో స్వరాలను బట్టి చెప్పడం కష్టం. కిందికి దిగి గాంధారం తాకినప్పుడే ఇది ఫలానా అని తేలుతుంది. మెరకలో పొలం ఉమ్మడిది, పల్లంలో గట్టు పడింది అన్నట్టు.

కాగితం మీద ఇంతే. పాటలో ఇంకా చాలా ఉంది. చక్రవాకం గాంధారం దాదాపు నిలకడగా ఉంటుంది. కానడ గాంధారం ఊగుతుంది, మధ్యమాన్ని తాకి వంకరగా రిషభానికి జారుతుంది. కాబట్టి ఒక రాగం నుంచి ఇంకొక రాగంలోకి వెళ్లడమంటే స్వరం మార్చడమే కాదు, నడక మార్చుకోవాలి. స్వరాలు కలిపి నడక కలపలేని పాటలు మన సినిమాల్లో కొల్లలు. వాటిలో రెండు రాగాలూ అతుకుల బొంతలా కనబడతాయి. పెండ్యాల ఉమ్మడి స్వరాల దగ్గర తీరిగ్గా నిలబడతాడు. అక్కడ గొంతుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాడు. దిగేటప్పుడు ఏ రాగం ఇంటికి దిగితే ఆ ఇంటి పద్ధతిలో దిగనిస్తాడు. అందుకే మనకు దెబ్బ తగలదు. ఘంటసాల లేకపోతే ఆ దిగడం సాధ్యమయ్యేది కాదన్నది వేరే మాట.

చక్రవాకాన్ని హిందుస్తానీలో అహీర్ భైరవ్‌కు దగ్గరగా చెబుతారు. ఆ అహీర్ భైరవ్ కూడా సొంతంగా ఒక్కటి కాదు. కింద భైరవ్, పైన కాఫీ. అంటే పెండ్యాల కలిపిన రెండింటిలో ఒకటి అప్పటికే కలిసి ఉన్నదే. శుద్ధమైనది ఏదీ అని వెతుక్కుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదు.

జయభేరి కథ కూడా మరిచిపోవద్దు. శాస్త్రీయ సంగీతం నేర్చిన కుర్రాడు వీధి భాగవతాలాడే జట్టులోని అమ్మాయిని చేసుకుని కులం నుంచి వెలిపడతాడు. పెండ్యాల కూర్పు ఆ కథకు తగినట్టే ఉంది. రెండు సంప్రదాయాలను కలపడానికి ఒకరిని మతం మార్చినట్టు మార్చలేదు.

సరిగ్గా 21 ఏళ్ల తరువాత 1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. కె.వి. మహదేవన్ సంగీతం గురించి నాకు పేచీ లేదు. ఆ పాటలు మా ఇంట్లో కూడా మోగినవే. నా పేచీ ఆ సినిమా చెప్పే స్వచ్ఛత గురించి. సంగీతాన్ని పరాయి వాసన తగలకుండా కాపాడుకోవాలని శాస్త్రిగారు కుర్రకారును గద్దించినప్పుడు థియేటర్లో చప్పట్లు పడ్డాయి. కానీ శంకరాభరణం రాగం స్వరాల వరుస ఏది? హిందుస్తానీలో అది బిలావల్. పడమటి దేశాల్లో పియానో తెల్ల మెట్లు వరుసగా నొక్కితే వచ్చే మేజర్ స్కేలు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం అల్లి నొట్టుస్వరాలు కట్టింది ఆ వరుసలోనే. పరాయి గాలి సోకకూడదని చెప్పడానికి ఎంచుకున్న రాగమే అన్ని దేశాల గాలీ తిరిగే వరండా. ఆ సినిమా ఈ సంగతి పట్టించుకోలేదు.

ఇంకొక రకం కలపడం ఉంది. తెరమీద ముస్లిం పాత్ర రాగానే, పాతబస్తీ సందు చూపగానే, దుబాయి అనగానే వెనకాల ఒక ముక్క మోగుతుంది. శుద్ధ రిషభం నుంచి ఎగిరి అంతర గాంధారం మీద పడే ఆ ముక్క మీరంతా విన్నదే. దానికి నాలుగు చప్పట్లు, ఒక మౌలా, ఒక సుభానల్లా. కరీంనగర్‌లో ఒక రికార్డింగు గదిలో కూర్చున్నప్పుడు కీబోర్డు కుర్రాడిని పాట కట్టేవాళ్లు ‘ఇక్కడ సాయిబుల టోన్ పెట్టు’ అన్నారు. అతను తడుముకోలేదు. వేళ్లు వాటంతటవే ఆ చోటికి వెళ్లాయి.

అరబ్బులు ఆ కింది సగాన్ని హిజాజ్ అంటారు. అజాన్ వినిపించే మకాముల్లో అది ఒకటి. (అజాన్‌ను సంగీతమంటే మా పెద్దలు ఒప్పుకోరు, అది పిలుపు అంటారు. నేనూ పిలుపనే అంటాను.) శ్రుతుల్లో వెంట్రుకవాసి తేడాలు పక్కన పెడితే స-రి-గ-మ ఆ దూరాలతో మనకెక్కడ వినబడుతుంది? మాయామాళవగౌళలో. తెలుగునాట సంగీతం మాస్టారు దగ్గర చేరిన ప్రతి పిల్లా మొదటిరోజు సరళీ వరుసలు పాడేది ఆ రాగంలోనే. పురందరదాసు పెట్టిన పద్ధతి అని చెబుతారు. పైసగం కూడా అదే దూరాలతో కడితే అరబ్బుల హిజాజ్ కార్, మన మాయామాళవగౌళ, హిందుస్తానీ భైరవ్ థాట్ మూడూ ఒక్క మెట్ల మీద నడుస్తాయి.

అంటే బ్రాహ్మణ వీధిలో పొద్దున్నే పిల్లలు పాడే పాఠం, సినిమావాళ్లు ‘తురక వాసన’ కోసం వాడే ముక్క ఒకే స్వరాలు. ఒకచోట అది పునాది, ఇంకొకచోట పరాయితనానికి గుర్తు. స్వరంలో తేడా లేదు. వెనకాల వేసిన సెట్టింగులో, తలమీది టోపీలో, కెమెరా చూసే చూపులో ఉంది. ఈ ముక్కను అతికించేవాళ్లకు మాయామాళవగౌళ తెలియకనా? తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు వినిపించడమే ఆ అతికింపు చేసే పని. పెండ్యాల ఉమ్మడి స్వరం దగ్గర నిలబడితే, వీళ్లు ఉమ్మడి స్వరాన్ని పట్టుకుని అది ఉమ్మడిది కాదని నమ్మిస్తున్నారు.

ఈ మాట అంటే కొందరు మిత్రులు, ఖవ్వాలీని తెలుగు సినిమా గౌరవించింది కదా అంటారు. ఖవ్వాలీ అంటే చప్పట్లు కాదు. హైదరాబాద్‌లో వార్సీల ఇంటిని చూడండి. ఆ వంశం బహదూర్ షా జఫర్ దర్బారు గాయకుడు తాన్‌రస్ ఖాన్ దాకా పోతుంది. 1857 తరువాత ఢిల్లీ కూలిపోతే ఆయన హైదరాబాద్ చేరాడు. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఖవ్వాల్ పాడుతూ పాడుతూ ఒక పంక్తి దగ్గర ఆగి వేరే కవి షేర్‌నో, వేరే భాష దోహానో తెచ్చి కలుపుతాడు. దాన్ని గిరహ్ అంటారు, ముడి అని అర్థం. ఆ ముడి వేసేటప్పుడు రాగం కూడా పక్కకు ఒరగవచ్చు. కానీ తిరిగి మొదటి పంక్తి మీదికి వచ్చి వాలినప్పుడు సభ అబ్బురపడాలి. తెచ్చినదానికి, ఉన్నదానికి సంబంధం ఉందని అప్పుడు తెలుస్తుంది. ముడి పడకపోతే వినేవాళ్లు మొహమాటం లేకుండా తల తిప్పుకుంటారు. సినిమా ఖవ్వాలీలో గిరహ్ ఉండదు, గోల ఉంటుంది.

కోస్తాలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలది ఇంకొక దారి. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా 1998లో సంగీత కళానిధి అయ్యాడు. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ఊపిరితో దేవుడికి మేలుకొలుపు జరుగుతుంది. వాళ్ల వాద్యంలో ‘సాయిబుల టోన్’ ఎక్కడా ఉండదు. ఉండాల్సిన అవసరం లేదు. ముస్లిం వాయిస్తే ముస్లిం సంగీతమే రావాలని పట్టుబట్టేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

మా దిక్కు సంగతి చెప్పాలి. ఆసిఫాబాద్ పాత పేరు జన్‌గాం. ఆసఫ్‌జాహీల పేరు మీద ఆసిఫాబాద్ అయింది. 2016లో కొత్త జిల్లా చేసినప్పుడు ఆ నిజాం మీద తిరగబడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీం పేరును ముందు పెట్టారు. ఒకే బోర్డు మీద ఇద్దరూ ఉన్నారు. ఈ ఊళ్లో అంగడికి పోతే తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ నాలుగూ వినబడతాయి. భీం పేరుతో చెప్పే జల్ జంగల్ జమీన్ నినాదంలో జల్ సంస్కృతపు మాట, జమీన్ ఫార్సీ మాట. నినాదం ఇచ్చేటప్పుడు ఎవరూ వాటిని విడదీసి చూసుకోరు.

2020 అక్టోబరులో ఒక పెద్ద సినిమా టీజరు వచ్చింది. అందులో భీం పాత్ర తల మీద టోపీ పెట్టి చూపారు. అది మారువేషమని 2022లో ‘ఆర్ఆర్ఆర్’ విడుదలయ్యాక తెలిసింది. ఈలోగా మా జిల్లాలో పెద్ద గొడవ. ఆదివాసుల బాధ నాకు అర్థమవుతుంది. నిజాంతో కొట్లాడి చచ్చిన తమ వీరుడికి ఆ టోపీ ఏమిటని వాళ్లు అడిగారు. కానీ ఆ బాధ మీద చలి కాచుకున్నవాళ్ల మాటల్లో నిజాంకూ, మా వీధిలో సైకిళ్లు బాగుచేసే సాయిబుకూ తేడా లేకుండా పోయింది. 2024 సెప్టెంబరులో జైనూరులో జరిగింది ఇంకా దారుణం. ఒక ఆదివాసీ మహిళ మీద ఘోరమైన దాడి జరిగింది. నిందితుడు ముస్లిం. అతనికి శిక్ష పడాలని అడగడం న్యాయం. కానీ దుకాణాలు, ఇళ్లు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. అంతకు మూడేళ్ల ముందు, 2021లో, ఆ జైనూరు మండలంలోని మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు పద్మశ్రీ వస్తే అంగడి అంతా సంబరపడింది.

సంగీతంతో ఇవన్నీ ఆగుతాయని నేను చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక స్పాన్సరు ఉంటాడు.

పర్‌ధాన్‌లు కిక్రి వాయిస్తారు. మూడు తంత్రులు, కమాను. గోండుల వంశగాథలన్నీ దాని మీదే నిలిచాయి. దాని స్వరాలు హార్మోనియం మెట్లకు అందవు, మెట్ల మధ్య సందుల్లో జారుతుంటాయి. హార్మోనియాన్ని ఇందుకే 1940లో ఆకాశవాణి గెంటేసింది, 1971 దాకా పూర్తిగా రానివ్వలేదు. పరాయి వాద్యం, మన శ్రుతి పలకదు అన్నారు. వాళ్ల మాటలో నిజముంది. సమానంగా కోసిన పన్నెండు మెట్లలో గాంధారం సహజ గాంధారం కంటే సుమారు 14 సెంట్లు ఎక్కువ. కానీ రేడియో గెంటేసిన ఆ 31 ఏళ్లూ హార్మోనియం ఊళ్లలో భజనలు చేసింది, నాటకాలాడింది, ఉర్సుల్లో ఖవ్వాలీ పాడింది. అన్యవాద్యమే ఊరి వాద్యమయింది.

మొహర్రంలో పీర్లను ఎత్తుకునేవాళ్లు, అలావా చుట్టూ అసోయ్‌దూలా ఆడేవాళ్లు అన్ని కులాలవాళ్లు. అక్కడ నేను విన్న పాటలు తెలుగువి. మూడు నాలుగు స్వరాల్లో కోలాటం నడకలో పోతాయి. మధ్యలో హుసేన్ పేరు వచ్చినచోట గొంతు ఒక్కసారి మర్సియా వైపు వంగుతుంది, పై స్వరం కొద్దిగా తగ్గుతుంది. నేర్పినవాళ్లు లేరు. పాడే ఎరుకలామెకు రాగం పేరు తెలియదు. పెండ్యాల మద్రాసులో సాధించింది ఆమె పీరీల కొట్టం ముందు నిలబడి చేస్తుంది. ఇప్పుడు ఈ పాటలకు ముందు దెబ్బ మావాళ్ల నుంచే తగులుతున్నది. ఇది బిద్‌అత్, ఇది కాఫిరుల పద్ధతి అని జమాతుల్లో చెబుతున్నారు. బయట మమ్మల్ని అన్యస్వరం అంటారు, లోపల మేం మా పీర్ల పాటను అంటున్నాం. రెండు చోట్లా గడి గీసేది ఒకే రకం చెయ్యి.

ఇక ఈనాటి ట్రాకులు. కరీంనగర్, ఆసిఫాబాద్ దిక్కు కుర్రవాళ్లు ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు పెట్టుకుని జానపదం కడుతున్నారు. ధైర్యం ఉన్న పిల్లలు. డప్పు మీద ఖవ్వాలీ, గుస్సాడీ డోలు మీద అరబ్బీ ముక్క, ఏదైనా కలిపేస్తారు. నాకు దానితో తగువు లేదు. తగువు ఒక్క పనితో. ముందు కీబోర్డు శ్రుతి పెట్టి, దానికి సరిపోయేట్టు కిక్రి రికార్డును యంత్రంలో వేసి సవరిస్తారు. జారే స్వరాన్ని దగ్గరలోని మెట్టు మీదికి లాగి కూర్చోబెడతారు. దాంతో కిక్రి చప్పుడు మిగులుతుంది, కిక్రి పోతుంది. విన్నవాళ్లు ఆహా గోండు సంగీతం అంటారు. పర్‌ధాన్ వింటే తన వాద్యమని గుర్తుపడతాడో లేదో. సాయిబుల టోన్ లాగే ఇది గోండుల టోన్.

కీబోర్డులో శ్రుతిని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే వీలుంటుంది. ఒక్కొక్క స్వరాన్ని విడిగా సవరించే వీలు కూడా ఇప్పుడు చాలావాటిలో ఉంది. ముందు కిక్రి వాయించే పెద్దాయనను కూర్చోబెట్టండి. ఆయన తన గొంతుకు తంత్రులు సవరించుకునేదాకా ఆగండి. తొందరేం లేదు, చాయ్ తెప్పించండి. ఆయన గాంధారం ఎక్కడ నిలుస్తున్నదో విని, కీబోర్డు గాంధారాన్ని అక్కడికి దించండి. ఆ తరువాత మీ ఇష్టం, భైరవి కలపండి, హిజాజ్ కలపండి, డీజే కలపండి.